ధమని ఉబ్బు, హోమోసిస్టీను అంకె, మన బీడీ

షోలాపూరు నుండి మన పత్రిక చదువరి యొకరు పోయిన యేడాది మాకొక ఉత్తరము వ్రాసినారు. వయస్సు 61. తువ్వాళ్ల మరమగ్గముల మీద నలువది యేండ్లు పని చేసినవారు. ఉత్తరములోని సంగతి యిది. ఆయన అన్నగారు 66వ యేట ఒకనాటి సాయంకాలము నడుము ప్రక్కన నొప్పి అని కూలబడినారు. పేటలోని వైద్యుడు మూత్రపిండములో రాయి అని చెప్పి, సూది వేసి ఇంటికి పంపినాడు. రాత్రి పదకొండింటికి ఒళ్లంతా చెమటలు పోసినవి. ఆసుపత్రిలో స్కానింగు తీయుచుండగనే ప్రాణము పోయినది. "కడుపులో పెద్ద నరము ఉబ్బి పగిలింది" అని అక్కడివారు చెప్పినారట.

పదునొకండవ దినము అయిన తరువాత అల్లుడు ఈయనను రక్తపరీక్షకు తీసికొనిపోయినాడు. నాలుగు కాగితములు వచ్చినవి. అందులో హోమోసిస్టీను అను పేరు ఎదుట 27 అని వ్రాసి చుట్టూ ఎర్ర గీత గీసినారు. 15 దాటరాదని ప్రక్కన అచ్చు వేసియున్నది. పరీక్ష చేసిన చోటనే మూడు నెలలకు సరిపడు విటమిను మాత్రలును అమ్మినారు. "అయ్యా, ఈ నంబరు దిగితే నాకు మా అన్న గతి పట్టదు కదా? మాత్రలు ఇంకెన్నాళ్లు మింగాలె?" అని వారి ప్రశ్న.

ఉత్తరము నాలుగు పుటలు. బీడీ మాట ఎక్కడను లేదు. మేము తిరిగి వ్రాసి అడిగినాము. రోజుకు రెండు కట్టలు అని జవాబు వచ్చినది.

మేము వైద్యులము కాము. ఆ పెద్దమనిషికి జవాబు వ్రాయుటకై పుస్తకములు తిరగవేసి, తెలిసిన వైద్యులను అడిగి గ్రహించినది ఇక్కడ అందరి కొరకు వ్రాయుచున్నాము. సేలములోను, బళ్లారిలోను, బరంపురములోను, యానాములోను ఉన్న మనవారికి కూడ ఇట్టి కాగితమే చేతికి రావచ్చును.

ముందుగా ఆ పెద్ద నరము సంగతి. గుండె నుండి బయలుదేరి, రొమ్ములో వంపు తిరిగి, వెన్నెముకకు ముందుగా కడుపులోనికి దిగి, బొడ్డు దగ్గర రెండు కాళ్లకు రెండుగా చీలెడు రక్తనాళమును బృహద్ధమని అందురు. కడుపులో దాని అడ్డుకొలత సుమారు 2 సెంటీమీటర్లు, అనగా బొటనవ్రేలి లావు. దాని గోడను బట్ట అనుకొన్న మన వారికి సులభముగా తెలియును. అందులో రెండు రకముల పోగులు గలవు. ఎలాస్టిను అనునది సాగి మరల బిగిసెడి పోగు. కొల్లాజెను అనునది సాగని గట్టి పోగు. గుండె కొట్టినప్పుడెల్ల ఈ బట్ట సాగవలెను, మరల బిగియవలెను. దినమునకు ఇంచుమించు లక్ష పర్యాయములు. ఏ బట్టకైనను ఇంత చాకిరి లేదు.

కొల్లాజెను పోగు తెగిన శరీరము మరల నేసికొనగలదు. ఎలాస్టిను అట్లు కాదు. చిన్ననాడు నేసినదే జీవితమంతయు రావలెను. ఆ పోగులు చీకిపోయినచోట గోడ సడలి, లోపలి రక్తపు తోపుడుకు బయటికి ఉబ్బును. కడుపులోని ధమని 3 సెంటీమీటర్లకు వచ్చినచో దానిని ఎన్యూరిజము, అనగా ధమని ఉబ్బు, అని వైద్యులు లెక్క కట్టుదురు. ఉబ్బు పెద్దదైన కొలది గోడ మీద లాగుడు హెచ్చును, గోడ పలుచనగును. చీకిన చోటనే లాగుడు హెచ్చిన ఏమగునో మనము చెప్పించుకొననక్కరలేదు. చిత్రమేమనగా ఇన్ని యేండ్లు ఉబ్బుచున్నను చాలమందికి నొప్పి ఉండదు. నొప్పి వచ్చిననాడు అది తరుచుగా నడుములోనో ప్రక్కలోనో వచ్చుటచేత రాయి అనియు, వాయువు అనియు పొరపాటు పడుటయు కలదు. పగిలినవారిలో నూటికి ఎనుబది మంది వరకు దక్కరు. వారిలో అనేకులు ఆసుపత్రి గడప తొక్కకముందే పోవుదురు.

ఇక హోమోసిస్టీను. మనము తినెడు పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసము వీనిలోని మాంసకృత్తులు అరిగి ఎమినో ఆమ్లములు అగును. అందులో మెథియొనిను అనునది ఒకటి. దానిని శరీరము వాడుకొనునపుడు మధ్యలో పుట్టునదే హోమోసిస్టీను. ఇది భోజనములో వచ్చునది కాదు, మన లోపలనే తయారగునది. దీనిని శరీరము నిలువ ఉంచుకొనదు. ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను తోడైన మరల మెథియొనినుగా మార్చును. బి-6 విటమిను తోడైన మరియొక దారిని సిస్టీనుగా మార్చును. ఈ విటమినులు కొరవడినచో, కండెలు చుట్టువారు రానినాడు నూలు చిలపలు మూల పేరుకొన్నట్లు, ఇది రక్తములో పేరుకొనును. లీటరు రక్తమునకు 5 నుండి 15 మైక్రోమోలుల వరకు ఉండుట మామూలు.

దీనికిని రక్తనాళములకును సంబంధము ఎట్లు తెలిసినదో చెప్పదగినదే. 1962లో ఉత్తర ఐర్లండులో కొందరు పిల్లల మూత్రములో హోమోసిస్టీను విపరీతముగా పోవుచున్నదని కనుగొన్నారు. పుట్టుకతో వచ్చిన లోపమది. అట్టి పిల్లలు పొడవుగా ఎదుగుదురు, కంటి కటకము జారును, చిన్నవయసులోనే రక్తనాళములలో గడ్డలు కట్టును. 1969లో అమెరికాలో బోస్టను నగరపు వైద్యుడు కిల్మర్ మెక్‌కల్లీ ఇద్దరు పిల్లల రక్తనాళములను సూక్ష్మదర్శినితో పరీక్షించినాడు. ఇద్దరిలోను లోపము వేరు వేరు. కాని ఇద్దరి రక్తములోను హోమోసిస్టీను ఎక్కువ, ఇద్దరి ధమనులును ముసలివారి ధమనులవలె చెడియున్నవి. కనుక చెరుపునది హోమోసిస్టీనే కావలెనని ఆయన ఊహించినాడు. కొలెస్టెరాలు మాటయే మారుమ్రోగుచున్న రోజులగుటచేత చాలకాలము ఆ ఊహను ఎవరును చెవిని పెట్టలేదు.

తరువాత చెవిని పెట్టినారు, కొంత అతిగా కూడ పెట్టినారు. గుండెపోటు, పక్షవాతము, ధమని ఉబ్బు గలవారిలో ఈ అంకె సగటున ఎక్కువగా నుండుట అనేక పరీక్షలలో కనబడినది. ప్రయోగశాలలో చూడగా, ఎలాస్టిను, కొల్లాజెను పోగులను ఒకదానితో నొకటి ముడివేయు పనికి ఇది అడ్డు తగులుననియు తెలిసినది. అంకె దించిన జబ్బు తప్పునని అందరును ఆశపడినారు. దించుట సులభమే, విటమిను మాత్రలు చవుక. 2006లో ప్రకటింపబడిన ఒక పెద్ద ప్రయోగములో 5,522 మందికి అయిదేండ్లు మాత్రలో, ఉత్తుత్తి మాత్రలో ఇచ్చి చూచినారు. అంకె దిగినది. గుండెజబ్బు చావులు మాత్రము తగ్గలేదు. పక్షవాతము కొంత తగ్గినది. 2015లో చీనాలో రక్తపు పోటు గల 20,702 మందితో చేసిన ప్రయోగములో పోటు మాత్రతో ఫోలిక్ ఆమ్లము కలిపి ఇచ్చిన, మొదటి పక్షవాతము అయిదవవంతు తగ్గినది. ఇది మంచి వార్తయే. కాని అది పక్షవాతము సంగతి. మాత్రలు మింగినందున కడుపులోని ఉబ్బు తగ్గినదనిగాని, పగులక నిలిచినదనిగాని నిరూపించిన ప్రయోగము లేదు.

ఇంకొక మెలిక ఉన్నది. పొగ త్రాగువారికి హోమోసిస్టీను పెరుగును. మూత్రపిండములు చెడినను, థైరాయిడు గ్రంథి మందగించినను, వయస్సు మీరినను పెరుగును. అనగా ధమనిని చీకజేయునవే కొన్ని ఈ అంకెను కూడ పెంచుచున్నవి. పొగను చూచి నిప్పున్నదని అనుకొనవచ్చును గాని, విసనకర్రతో పొగను విసరి నిప్పు ఆర్పితిమని అనుకొనరాదు. మన షోలాపూరు చదువరి చేయుచున్నది ఇంచుమించు అదే.

అయినను ఆ 27 అంకెను బుట్టలో వేయుమని మేము చెప్పుట లేదు. అది వేరొక లోటును చూపుచుండవచ్చును. 2006లో పూనా వైద్యులు పల్లెలలోను పట్టణములోను 441 మంది మగవారిని పరీక్షించగా నూటికి 67 మందికి బి-12 తక్కువ, 58 మందికి హోమోసిస్టీను ఎక్కువ అని తేలినది. బి-12 ఆకుకూరలలో గాని పప్పులలో గాని లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము వీనిలోనే ఉన్నది. మనలో శాకాహార నియమము గల ఇండ్లు అనేకములు. పాలు కాఫీలోనికే సరిపోవు ఇండ్లును గలవు. మగ్గము తొక్కునపుడు అరికాళ్లు తిమ్మిరెక్కినవనియు, నేల తెలియుట లేదనియు అనువారు బి-12 పరీక్ష చేయించుకొనవలెను. ఒక హెచ్చరిక: బి-12 తక్కువగా ఉన్నవారు ఫోలిక్ ఆమ్లము ఒక్కటే మింగిన రక్తహీనత పైకి మానినట్లు కనబడి, లోపల నరముల చెరుపు మాత్రము సాగిపోవును. అంగడిలో అడిగి కొనదగిన మాత్ర కాదది.

ఫోలిక్ ఆమ్లము పేరు వచ్చినది గనుక ఒక మాట. దాని కథ బట్టలమిల్లుల నుండియే మొదలైనది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలకు వచ్చు ఒక విధమైన రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించినది. తెలంగాణా నేతవారెందరో ఆ మిల్లులలో పని చేసిన కాలమది. ఆ ఈస్టులోని వస్తువే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు పెద్ద, 1895లో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. కడుపులోని ధమని ఉబ్బుకు కారణములలో పొగాకుతో సరితూగునది మరియొకటి లేదు. పాశ్చాత్య దేశముల లెక్కలలో ఈ ఉబ్బు గలవారిలో నూటికి తొంబది మంది వరకు ఎప్పుడో ఒకప్పుడు పొగ త్రాగినవారే. పొగ లోపలికి పోయిన కొలది ఎలాస్టినును కొరికివేయు రసములు ధమని గోడలో హెచ్చును. ఉబ్బు ఉన్నవారు త్రాగుచునే యున్నచో అది త్వరగా పెరుగును, త్వరగా పగులును. బీడీలో పొగాకు తక్కువ గదా అని మనవారు అనుట విన్నాము. ఆకు చుట్టిన బీడీ ఆరిపోకుండ గట్టిగా, మాటిమాటికి పీల్చవలెను. ఆ పీల్చుడులో సిగరెట్టు కంటె విషము తక్కువగా రాదు.

తరువాతివి త్వరగా చెప్పెదము. అరువదియైదు దాటిన మగవారికి ఇది ఎక్కువ. ఆడవారికి తక్కువగా వచ్చును గాని, వచ్చినచో చిన్న కొలతలోనే పగులును. రక్తపు పోటు, కొలెస్టెరాలు పేరుకొన్న ధమనులు, ఇవి తోడు. తండ్రికో తోడబుట్టినవారికో ఉన్న, మనకు వచ్చు అవకాశము సుమారు రెట్టింపు. మార్ఫాను వ్యాధి వంటి పుట్టులోపములు గలవారికి రొమ్ములోని ధమనియే చిన్నవయసున ఉబ్బవచ్చును. మధుమేహము గలవారికి మాత్రము కడుపులోని ఉబ్బు తక్కువగా వచ్చుట వైద్యులకే వింత. (ఇది చదివి ఎవరును జిలేబీ పొట్లము విప్పనక్కరలేదు. మధుమేహము తక్కిన ధమనులకు చేయు కీడు చాలును.) సిప్రోఫ్లాక్ససిను, లీవోఫ్లాక్ససిను తెగకు చెందిన మందులను ఉబ్బు గలవారికి, వచ్చు అవకాశము గలవారికి గత్యంతరము లేనిదే ఇవ్వరాదని అమెరికా మందుల శాఖ 2018లో హెచ్చరించినది. విరేచనములకును మూత్రపు మంటకును మన పేటలలో చీటీ లేకయే అమ్ముచున్న మాత్రలవి. అన్న ఇట్లు పోయినాడను మాట వైద్యునికి ముందే చెప్పుకొనవలెను.

మెదడులోని ధమనుల మీద వచ్చు ఉబ్బు వేరొక జాతి. అది పెద్దవారిలో నూటికి ముగ్గురికి ఉండవచ్చునని అంచనా, చాలవరకు పగులక అట్లే ఉండిపోవును. అది మగవారి కంటె ఆడవారికి ఎక్కువ. అక్కడ కూడ పొగాకు, రక్తపు పోటు, వంశము, ఇవే ముఖ్యము. పుట్టుకతో మూత్రపిండములలో తిత్తులు గలవారికిని వచ్చును. పిడుగు పడినట్లు ఒక్క క్షణములో, ఎన్నడును ఎరుగని తలనొప్పి వచ్చి, మెడ పట్టి, వాంతి అయినచో అమృతాంజనము రాసి పడుకొనబెట్టరాదు. వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను.

కడుపులోని ఉబ్బును కనిపెట్టుట మిక్కిలి తేలిక. గర్భిణీ స్త్రీలకు చేయు అల్ట్రాసౌండు స్కానింగుతోనే పది నిమిషములలో కొలిచి చెప్పుదురు. సూది లేదు, కోత లేదు. ఇంగ్లండులో 65 నుండి 74 యేండ్ల మగవారు 67,800 మందితో చేసిన ప్రయోగములో, ఇట్లు పిలిచి చూచినవారిలో ఈ ఉబ్బు వలని చావులు నాలుగేండ్లలో నూటికి 42 వంతులు తగ్గినవని 2002లో ప్రకటించినారు. ఇప్పుడు అక్కడ 65 నిండిన ప్రతి మగవానికి ప్రభుత్వమే ఈ పరీక్ష చేయుచున్నది. మన దేశములో అట్టి ఏర్పాటు లేదు. కనుక అడిగి చేయించుకొనవలసినది మనమే. పొగ త్రాగిన, లేక త్రాగి మానిన మగవారు 65 దాటినచో ఒక్కసారి చేయించుకొనుట మేలు. తోడబుట్టినవారు ఇట్లు పోయినచో అంత వయస్సు వచ్చువరకు ఆగనక్కరలేదు.

ఉబ్బు ఉన్నదని తేలిన వెంటనే కోతకు పోవలెనని కాదు. మగవారికి 5.5 సెంటీమీటర్ల లోపల ఉన్నంతవరకు ముందే కోసినందువలన ఆయుర్దాయము పెరుగదని రెండు పెద్ద ప్రయోగములు తేల్చినవి. ఆడవారికి 5 దగ్గర ఆలోచింతురు. అంతవరకు కొలుచుకొనుచు, పోటు అదుపులో ఉంచుకొనుచు, పొగ మానియుండుటయే చికిత్స. ఉబ్బును తగ్గించు మాత్ర నేటికి లేదు.

కోత అవసరమైనచో ఏమి చేయుదురు? ఇక్కడ మన వృత్తి వచ్చుచున్నది గనుక కొంచెము నిలిచి చెప్పెదము. పూర్వము చేయగలిగినది లేదు. 1948లో ఐన్‌స్టీను పండితునికి ఈ ఉబ్బే ఉన్నదని తెలిసి, రుడాల్ఫ్ నిస్సెన్ అను వైద్యుడు దాని చుట్టు సెల్లోఫేను కాగితము చుట్టినాడు. గోడ మందమెక్కి గట్టిపడునని ఆశ. ఆరేండ్లకు పైగా నిలిచినది. 1955 ఏప్రిలులో పగిలినది. రెండవ పర్యాయము కోతకు ఆయన ఒప్పుకొనలేదు. ఆయన పైపు పీల్చుట లోకమెరిగినది.

ఆ యేండ్లలోనే న్యూయార్కులో ఆర్థర్ వూర్హీస్ అను యువ వైద్యుడు ఒక కుక్క గుండెలో మరచిన పట్టుదారము మీద నునుపైన పొర కమ్మియుండుట చూచినాడు. దారము మీద పొర కమ్మినచో బట్ట మీద ఏల కమ్మదు అని ఆయనకు తోచినది. వినియాను అను కృత్రిమ నూలు బట్టను గొట్టముగా కుట్టి ధమని స్థానములో అతికినాడు. హ్యూస్టనులో మైకేల్ డిబేకీ నైలాను కొనుటకు బట్టల దుకాణమునకు పోగా, నైలాను లేదు, డేక్రాను ఉన్నదన్నారట. అది పాలియెస్టరే, మన మరమగ్గముల మీద నడుచు పోగు. తల్లి దగ్గర కుట్టుపని నేర్చినవాడు గనుక భార్య కుట్టుమిషను మీద తానే గొట్టములు కుట్టుకొన్నాడు. తరువాత ఫిలడెల్ఫియా జౌళి విద్యాలయమువారి సాయముతో అతుకు లేని గొట్టములు అల్లు యంత్రము చేయించినాడు. 2006లో, తన 97వ యేట, ఆయన బృహద్ధమనియే పొర చీలగా, ఆయన శిష్యులే డేక్రాను గొట్టము వేసి బ్రతికించినారు.

నేసిన గొట్టము మేలా, అల్లిన గొట్టము మేలా అని వైద్యులు వాదించుకొన్న తీరు వింటే మన సంఘపు సమావేశము గుర్తుకు వచ్చును. నేసినదానిలో పడుగు పేక దగ్గరగా కూరియుండుటచేత రక్తము కారదు. కాని కోసిన అంచున పోగులు ఊడును, వేడితో అంచు కాల్చి ఆపవలెను, గట్టిగా ఉండుటచేత సూది దిగదు. అల్లినది మెత్తన, కుట్టుటకు హాయి. కాని కారును. అందుచేత ముందుగా రోగి రక్తములోనే తడిపి, గడ్డకట్టించి, కన్నములు పూడ్చి వాడెడివారు. మన గంజి పెట్టుట వంటిదే. ఇప్పుడు తయారుచేయునపుడే కొల్లాజెనో జెలటినో పట్టించుచున్నారు. వంచినపుడు గొట్టము నలగి మూసికొనకుండ ముడుతలు పెట్టుదురు. 1990లో బ్యూనస్ ఐరిస్ నగరములో హువాన్ పరోదీ పొట్ట కోయకుండ, తొడ దగ్గరి ధమని గుండ పాలియెస్టరు గొట్టమును మడిచి పంపి లోపల విప్పినాడు. నేడు ఎక్కువమందికి ఈ పద్ధతియే. అందులో వాడునది చాలవరకు పలుచగా, దగ్గరగా నేసిన బట్టయే.

ఈ సంగతులన్నియు మా షోలాపూరు చదువరికి వ్రాసి, మాత్రల మాట వైద్యునికి వదలి ముందు కడుపు స్కానింగు చేయించుకొనుడని కోరినాము. ఆయన చేయించుకొన్నారు. 4.2 సెంటీమీటర్లు. యేడాదికొకసారి కొలిపించుకొమ్మన్నారట. బి-12 కూడ తక్కువయే, దానికి సూదులు వేయుచున్నారు. హోమోసిస్టీను అంకె 13కు దిగినది. ఉబ్బు 4.2 గానే ఉన్నది.

బీడీ విషయము మాత్రము సులభముగా తేలలేదు. ఆయన భార్య ముప్పది యేండ్లుగా ఇంటిలో బీడీలు చుట్టుచున్నారు. పేటలో మన ఆడవారెందరికో అదే జీవనము. పిల్లల చదువులు, కూతురు పెండ్లి ఆ చాటలోనుండే వెళ్లినవి. "ఇంట్లో ఆకు, తంబాకు పెట్టుకొని నేను మానాలంటే ఎట్ల?" అని ఆయన అడిగినారు. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె చాటను మేడమీది గదికి మార్చినారని, చుట్టిన బీడీలు లెక్కపెట్టి ఆనాడే కార్ఖానాకు పంపివేయుచున్నారని మొన్న మరియొక ఉత్తరము వచ్చినది. మూడు నెలలుగా ముట్టలేదట. నడుమ రెండు సార్లు తప్పినాననియు నిజము వ్రాసినారు.

వారి తమ్ముడొకరు భివండిలో ఉన్నారు. వయస్సు 57, ఆయనకును బీడీ అలవాటే. స్కానింగునకు ఇంకను పోలేదు. అన్నగారి కోరిక మీద ఈ సంచికను ఆయన చిరునామాకు కూడ పంపుచున్నాము.